గుంజి కొలిచిన లంగా

ఈ మధ్య మా ఇంటికి వచ్చినవాళ్లంతా కిటికీ పరదాలు చూసి, "అబ్బ, నేల దాకా ఎంత నిండుగున్నయ్!" అంటున్నారు. దిండ్ల గలేబులు చూసి, "ఎంత వదులుగున్నయ్, చెయ్యి పెడితే ఇట్టే పోతున్నది!" అంటున్నారు. ఈ ఎండాకాలం సెలవుల్లో నేను కుట్టిన సరుకు ఇదీ: రెండు బొంతలు, ఆరు గలేబులు, కూరగాయల సంచులు నాలుగు, కుట్టుమిషనుకు ఒక ముసుగు, మా ఆయన హెల్మెట్‌కు ఒక తొడుగు. ఆ హెల్మెట్ తొడుగులో ఇంకో హెల్మెట్ కూడా పడుతుంది. అన్నీ అంత నిండుగా ఉన్నాయి.

ఈ నిండుదనం వెనక ఒక కురచదనం ఉంది. ఐదేళ్ల కిందట నేను ఒక లంగా కుట్టి, రెండు కుటుంబాల పరువును ఒకే కత్తిరింపుతో నాలుగు వేళ్లు కురచ చేశాను. ఆ ఘోరం ఇప్పుడు చెప్తాను. నవ్వేవాళ్లు నవ్వండి. నవ్వడం అయ్యాక మీ ఇంటి పరదాలు కూడా ఒకసారి చూసుకోండి.

ముందు నా పుట్టుపూర్వోత్తరాలు చెప్పాలి, ఎందుకంటే నేరం అక్కడే పుట్టింది. గద్వాలలో మా నాన్నకు బట్టల దుకాణం. పక్కన పెదనాన్న కిరాణం, ఎదురుగా మా మేనమామ గిన్నెల కొట్టు. మా వీధిలో పిల్లలకు మాటల కంటే ముందు బేరం వచ్చేది. నాకు అమ్మ అన్నం కలిపి "ఐదు ముద్దలు తినాలె" అంటే, నేను మూడు అనేదాన్నట. చివరికి నాలుగు దగ్గర తెగేదట. ఆ నాలుగో ముద్ద తినేటప్పుడు కూడా మోసపోయినదానిలా మొహం పెట్టేదాన్నట.

నాన్న దగ్గర ఒక మీటరు కర్ర ఉండేది. చెక్కది, చేతులు తగిలి తగిలి నున్నగా అయింది. నాన్న బట్టను ఆ కర్ర మీద పెట్టి కొలిచేవాడు కాదు, దాని మీద సాగదీసేవాడు. ఎడమ బొటనవేలు ఒక కొసన, కుడి బొటనవేలు ఇంకో కొసన, మధ్యలో బట్ట ఎంత బిగువుగా ఉండేదంటే దాని మీద ఈగ వాలితే కాలు జారాల్సిందే. గిరాకి కళ్ల ముందే మీటరు, ఇంకో మీటరు, ఇంకో మీటరు. ఇంటికి తీసుకుపోయాక ఆ బట్ట ఊపిరి వదిలి మళ్లీ తన అసలు కొలతకు వచ్చేది. అప్పటికి గిరాకి కూడా తన ఊరికి చేరేవాడు.

నాకు తొమ్మిదో ఏట నాన్న ఆ కర్ర చేతికిచ్చి ఉపదేశం చేశాడు.

"అమ్మేటప్పుడు గుంజి కొలువాలె బిడ్డా. కొనేటప్పుడు ఇడిచి కొలువాలె. గింతే యాపారం. మిగిలిందంత నమస్తే పెట్టుడే."

నేను ఉపదేశంలో మొదటి సగం బాగా నేర్చుకున్నాను. పెళ్లి నాటికి నా చేతులు ఎలా తయారయ్యాయంటే, ఏ గుడ్డ అయినా నా రెండు బొటనవేళ్ల మధ్యకు వస్తే చాలు, పోలీసును చూసిన దొంగలా బిగుసుకుపోయేది.

నన్ను ఆత్మకూరులో ఇచ్చారు. మా ఆయన నర్సింలు బడిపంతులు. అత్తమ్మ మాసమ్మ సేద్యం చేసిన మనిషి. వారానికి పది మాటలు మాట్లాడితే అందులో ఏడు బర్రెతో. కానీ ఆమె చేతి బొంత కుట్టు చూడాలి! పాత చీరలు పరిచి, పెద్ద సూదితో వరుసగా కుట్టుకుంటూ పోతే, చీమలు బారులు కట్టి జాతరకు పోతున్నట్టు ఉండేది. నేను దాన్ని చూసి "పాతకాలం పని" అనుకున్నాను. అప్పుడు నాకు ఇరవై తొమ్మిదేళ్లు. ఆ వయసులో మనకు అన్నీ తెలుసు కదా.

ఇల్లు సర్దుకున్నాక నాకు కుట్టు పిచ్చి పట్టింది. వనపర్తికి పోయి కుట్టుమిషను కొన్నాను. రెండు గంటలు బేరమాడాను. చివరికి దుకాణం ఆయన కత్తెర, నూనె డబ్బా, పది బాబిన్లు ఊరికే ఇచ్చి, "అక్కా, జర ఇంటికి పోరాదు, నాకు బువ్వ తినే యాళ్లయింది" అని దండం పెట్టాడు. ఈ సంగతి విని నాన్న మురిసిపోయి, తన పాత మీటరు కర్రను నాకు బహుమానంగా పంపాడు. ఇక చూసుకోండి.

మొదట ఫ్రిజ్‌కు ముసుగు కుట్టాను. అది ఎంత బిగువుగా కూర్చుందంటే, తలుపు తెరిస్తే తనే మళ్లీ గుంజి మూసేది. పాలగిన్నె తీయాలంటే ఇద్దరు మనుషులు కావాలి, ఒకరు తలుపు పట్టుకోవడానికి, ఒకరు పాలు తీయడానికి. తర్వాత గలేబులు. దిండ్లు లోపలికి పోయాయి, కాదనను. కానీ పోయాక ఒక్కో దిండు, నోట్లో వేడి మిర్చి బజ్జీ పెట్టుకుని అటూ ఇటూ తిప్పుతున్న మనిషి దవడలా తయారైంది. ఆ తర్వాత కిటికీకి పరదా. అది కిటికీ అడుగుకు జానెడు పైనే ఆగిపోయింది.

మా ఆయన గుమ్మంలో నిలబడి చాలాసేపు చూశాడు.

"రాజీ, ఇది పరదానా, కిటికీకి ఏసిన చెడ్డీనా?"

"గాలి రావాలె గద! కావాలనే గట్ల పెట్టిన."

"గాలి వస్తది సరే. ఎదురింటి మేక కూడ తొంగి చూస్తున్నది."

"బట్ట ముడుచుకున్నది. నేనేం జేయాలె?"

"ఉతకకముందే ముడుచుకున్నదా?"

"కొన్ని బట్టలు గట్లనే ఉంటయ్. నీకు బట్టల సంగతి తెల్వదు."

ఆయనకు తెలియదు నిజమే. నాకు తెలుసు అనుకోవడంలోనే వచ్చింది చిక్కంతా. ఒక్కసారి కూడా నా కొలత మీద నాకు అనుమానం రాలేదు. కొలిచింది నేను. నేను కొలిస్తే మా దుకాణం కొలిచినట్టు. మా దుకాణం ఎప్పుడైనా తప్పు కొలిచిందా? ఎప్పుడూ లేదు. కావాలని కొలవడమే గానీ, పొరపాటున కొలవడం మా ఇంటా వంటా లేదు.

ఇంట కుట్టి రచ్చ కుట్టమన్నారు కదా. ఇంట్లో కుట్టింది ఇలా ఉండగానే నాకు రచ్చ కుట్టే అవకాశం వచ్చింది.

మా ఆడబిడ్డ పద్మ వదినను తిమ్మాజిపేటలో ఇచ్చారు. ఆమె కూతురు శైలజ, మా శైలు. ఆ పిల్లకు ఓణీల ఫంక్షన్ పెట్టుకున్నారు. మేనమామ తెచ్చిన లంగా ఓణీనే పిల్ల మొదట కట్టుకుని పీట మీద కూర్చోవాలి. అది ఆనవాయితీ. మేనమామ అంటే మా ఆయన. మా ఆయన తేవడమంటే నేను తేవడం. అందరూ "వనపర్తిలో రెడీమేడు తెద్దాం" అన్నారు. నేను గద్వాల బిడ్డను. "నేనే కుడుత" అనేశాను.

ఉగాది పండుగకు శైలు ఆత్మకూరు వచ్చినప్పుడు టేపు పెట్టి కొలత తీసుకున్నాను. నడుము నుంచి మడమ దాకా ముప్పై ఎనిమిది అంగుళాలు. కొలుస్తున్నంతసేపూ పిల్ల చెవిలో జోరీగలా చెప్తూనే ఉంది.

"అత్తా, లంగా నేల ఊడవాలె."

"ఊడుస్తది బిడ్డా."

"గిర్రున తిరిగితే గొడుగు లెక్క లేవాలె."

"లేస్తది."

"మా క్లాసుల సంధ్యది ఫంక్షనయింది అత్తా. దాని లంగా పొట్టిగయింది. ఇప్పటికి కూడ బడిల దాన్ని అందరు 'ముప్పావు' అంటున్నరు. దాని అసలు పేరు సార్లు కూడ మర్చిపోయిన్రు."

నవ్వుతూనే చెప్పింది గానీ, కళ్లలో భయం ఉంది. పద్నాలుగేళ్ల పిల్లకు పేరు పడటమంటే చిన్న సంగతా? నేను దాని నెత్తి మీద చెయ్యి పెట్టి, "నీ అత్త బట్టల దుకాణంల పెరిగింది. నిన్ను ముప్పావు అనేటోడు ఇంక పుట్టలే" అన్నాను. ఇలాంటి మాటలు అన్నప్పుడు పైనుంచి బల్లి ఒక్కసారి కిచకిచమన్నా బాగుండేది. మా ఇంటి బల్లులు కూడా నా మాటకు ఎదురు చెప్పవు.

నాన్న దుకాణం నుంచి బట్ట తెచ్చాను. నెమలికంఠం రంగు, కింద జానెడు జరీ అంచు, మధ్యలో చిన్న బుటాలు. వెన్నలా మెత్తన. గుంజితే మాట వినే రకం. ఇలాంటి లంగాకు బట్ట వెడల్పే పొడుగవుతుంది. అంచు కిందికి వస్తుంది, ఎక్కువైన గుడ్డను పైన కత్తిరించి నడుము దగ్గర కుచ్చులు పెడతారు. ఎందుకైనా మంచిదని ఆత్మకూరు బస్టాండు దగ్గర దర్జీ శంకర్ మాస్టర్‌ను సలహా అడగబోయాను.

"పిల్లకు ముప్పై ఎనిమిది అంగుళాలు మాస్టర్. నేనెంత కత్తిరియ్యాలె?"

"నలభై ఒకటి తీయ్ అక్కా. నడుంపట్టికింత, కుట్టుకింత పోతది."

నలభై ఒకటి అనగానే నా లోపల ఏదో లేచి కూర్చుంది.

"నలభై ఒకటా! శాన ఎక్కువ చెప్తున్నవ్."

"ఎక్కువేంది అక్కా, కొలత గద."

"ముప్పై ఎనిమిదిన్నర చేస్కో."

"చేస్కొనుడేంది? నేనేం అమ్ముతలేను గదక్కా!"

"సరే, నీ మాట వద్దు, నా మాట వద్దు. ముప్పై తొమ్మిదిన్నర."

మాస్టర్ కత్తెర కింద పెట్టి, నా వంక జాలిగా చూశాడు. "నీ ఇష్టం అక్కా. గుడ్డ నీది, పిల్ల నీది. నాదేం పోతది?"

నేను అంగుళంన్నర లాభంతో దర్జాగా ఇంటికి వచ్చాను. ఆయనకు పోయిందేమీ లేదని, నాకు వచ్చిందేమీ లేదని ఆ రోజు ఎవరైనా చెప్తే, వాళ్లతోనూ బేరానికి దిగేదాన్ని.

ముప్పై తొమ్మిదిన్నర అంటే ఎంత? దాదాపు సరిగ్గా ఒక మీటరు! నాన్న కర్ర ఇంట్లో ఉండగా ఇక టేపెందుకు? బట్టను బల్ల మీద పరిచాను. కర్ర పెట్టాను. ఎడమ బొటనవేలు ఇక్కడ, కుడి బొటనవేలు అక్కడ. ఆ తర్వాత నా చేతులు వాటి ధర్మం అవి నిర్వర్తించాయి. జానెడు జానెడు దూరంలో అలా గుర్తులు పెట్టుకుంటూ పోయి, వాటిని కలిపి గీత గీసి, కరకరా కత్తిరించాను.

ఇక్కడ ఒక అద్భుతం జరిగింది. నలభై ఎనిమిది అంగుళాల వెడల్పులో పైన మిగలాల్సిన పేలిక ఎనిమిదిన్నర అంగుళాలు. మిగిలింది పదకొండు పైనే! ఎందుకు ఎక్కువ మిగిలిందని అడగాలనే బుద్ధి పుట్టలేదు. నష్టం వస్తే దుకాణదారు నూరు కారణాలు వెతుకుతాడు. లాభం వస్తే దండం పెట్టి గల్లాపెట్టె మూస్తాడు.

ఆ పేలికను వృథా చేస్తానా? నాలుగు మీటర్ల పొడుగు ఉంది. దానితో ఇరవై చిట్టి సంచులు కుట్టాను. దారం గుంజితే మూతి ముడుచుకునే రకం. ఫంక్షన్‌కు పద్మ వదిన ఇంటింటికీ పోయి బొట్టు పెట్టి పిలిచేటప్పుడు, ఒక్కో ఇంటికి ఒక్కో సంచిలో రెండు వక్కలు, ఇంత బెల్లం పెట్టి ఇవ్వొచ్చని నా ఆలోచన. పది రోజుల ముందే మా ఆయనతో వాటిని తిమ్మాజిపేటకు పంపించాను. వదిన ఫోన్ చేసి, "రాజీ, ఊరంత నీ సంచులనే మెచ్చుకుంటున్నరే" అంది. నేను ఫోన్ పెట్టేసి అద్దంలో చూసుకున్నాను. లంగా మాత్రం పంపలేదు. ముందే తొడిగి చూస్తే దిష్టి తగులుతుందని పెట్టెలో భద్రంగా పెట్టాను.

ఫంక్షన్ నాడు పొద్దున ఎనిమిదింటికి తిమ్మాజిపేటలో ఆ పెట్టె తెరుచుకుంది.

లోపలి గదిలో శైలు లంగా కట్టుకుంది. మేము గుమ్మం బయట ఎదురుచూస్తున్నాం. నేను, వదిన, అత్తమ్మ, వెనకాల మా ఆయన. తలుపు తెరుచుకుంది. పిల్ల బయటికి వచ్చింది. దాని కంటే ముందు దాని కాళ్లు వచ్చాయి. పట్టీలు, పట్టీల పైన చీలమండలు, చీలమండల పైన ఇంకా నాలుగు వేళ్ల పిల్ల. ఆ పైన మొదలైంది నా జరీ అంచు. వరినాటుకు మడిలోకి దిగబోతున్నట్టు నిలబడింది.

వదినే ముందు తేరుకుంది.

"రాజీ, ఇది ఇంక కిందికి దిగుతదా, గింతేనా?"

మా ఆయన సర్దిచెప్పబోయాడు. "ఎండకాలం గదక్కా, జర గాలి తగుల్తది..."

"నువ్వు నోరు మూస్కో తమ్మీ."

శైలు కిందికి చూసుకుంది. నా వంక చూసింది. "అత్తా, నన్ను ముప్పావు అంటరు" అంది చిన్నగా. కంటి నిండా నీళ్లు. పెట్టిన కాటుక అప్పుడే కరగబోతోంది.

నిజం చెప్తున్నాను, అంతదాకా నాకు నా పరువు గురించే దిగులు. ఆ మాటతో నా పరువు నాకు గుర్తు లేకుండా పోయింది. పదకొండింటికి జనం వస్తారు. మేనమామ తెచ్చినది కాక వేరేది కట్టడానికి లేదు. ఆ రంగు గుడ్డ తిమ్మాజిపేటలో దొరకదు. పిండి కొద్దీ రొట్టె అన్నారు పెద్దలు, నిజమే గానీ, ఆ రొట్టెను ఇప్పుడు నేల దాకా సాగదీయడం ఎలాగో ఏ పెద్దా చెప్పి పోలేదు.

అప్పుడు అత్తమ్మ ముందుకు వచ్చింది. పిల్ల ముందు కూర్చుని, లంగా అంచు పట్టుకుని చూసింది. నడుముపట్టి చూసింది. ఆ వారం మాటల్లో మిగిలినవన్నీ ఒకేసారి ఖర్చు పెట్టింది.

"కింద అంచున్నది, కింద ఏం చేయరాదు. పైన నడుముకు గదే గుడ్డతోని పట్టీ ఏస్తే దిగుతది. వేరే రంగేస్తే ఓణీ పక్కనుంచి కనబడ్తది. మిగిలిన పేలిక ఏది?"

"సంచులు కుట్టిన అత్తమ్మా."

"సంచులేయి?"

"ఇరవై ఇండ్లల్ల ఉన్నయ్."

"మూడు సాలు. పట్కరా పో."

వదిన గుండె మీద చెయ్యి వేసుకుంది. "అవ్వో! బొట్టు వెట్టి ఇచ్చింది వాపసు అడుగుతరానే? మంది ఏమనుకుంటరు?"

"వాపసు కాదు, మార్చుకొనుడు" అంది అత్తమ్మ. "ఇంకోటిచ్చి తీస్కరానీ."

మార్చుకోవడమంటే బేరం. బేరమంటే నేను. కొంగు నడుముకు చుట్టి, వదిన ఇంట్లోని కొత్త స్టీలు డబ్బాలు రెండు చెరో చంకలో పెట్టుకుని వీధిలోకి దిగాను.

మొదట ఎదురింటి బాలమణి. గుమ్మంలో కూర్చుని బియ్యం చెరుగుతోంది. నా నెమలికంఠం సంచి ఆమె మెడలో వేలాడుతోంది, అందులో ఫోను.

"బాలమణక్కా, ఆ సంచి కుట్టు జర వదులయిందట. నాకియ్యి. దాని బదులు గీ స్టీలు డబ్బా తీస్కో."

బాలమణి సంచిని అటూ ఇటూ లాగి చూసింది. "యాడ వదులయింది? గట్టిగనే ఉన్నది."

"అయినా గానీ, డబ్బా మంచిది గద."

ఆమె చెరగడం ఆపింది. నా మొహం చూసింది. నా చెమట చూసింది. ఇంకో చంకలో ఉన్న రెండో డబ్బాను చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు. గద్దె మీద కూర్చున్న నాన్న చూపు అది. అవసరం మొహం మీద కనబడితే గిరాకి పని అయిపోయినట్టేనని నాకు ఆ నాన్నే చెప్పాడు. ఇవాళ గిరాకిని నేను.

"రెండు డబ్బాలు" అంది బాలమణి.

"ఒక సంచికి రెండు డబ్బాలా?"

"ఫోను యాడ పెట్టుకోవాలె మరి?"

"సరే, రెండు తీస్కో."

నేను ఇంత త్వరగా ఒప్పుకోవడం నా జీవితంలో అదే మొదటిసారి. అంత త్వరగా ఒప్పుకుంటే ఎదుటివాళ్లు ఏం చేస్తారో నాకు తెలియదా? ఇంకో మెట్టు ఎక్కుతారు.

"మా కిటికీకి ఒక పరదా గూడ కుట్టియ్యాలె."

నేను మా కిటికీ చెడ్డీని తలుచుకున్నాను. "కుట్టిస్త" అన్నాను. సంచి చేతికి వచ్చింది.

రెండోది వీధి చివర ఎంకమ్మ అవ్వ. అప్పటికి నా దగ్గర డబ్బాలు లేవు. అవ్వ సంచి బొడ్లో దోపుకుని ఉంది. అందులోంచి వక్క తీసి నములుతోంది.

"అవ్వా, ఆ సంచి..."

"బొట్టు వెట్టి ఇచ్చిన సంచి తీస్కపోతె పిల్లకు మంచిది గాదు బిడ్డా. ఎందుకు నీకది?"

ఇక అబద్ధం చెప్పే ఓపిక లేదు. ఉన్నదంతా చెప్పాను. లంగా కురచైందని, పిల్ల ఏడుస్తోందని, నడుముకు పట్టీ వేయాలని.

"ఎన్ని వేళ్లు కురచయింది?" అవ్వ తన నాలుగు వేళ్లు చూపించింది. "గిన్నా?"

"గిన్నే."

అవ్వ నవ్వింది. పళ్లు లేని నవ్వు, వక్కలు రాలేంత నవ్వు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, "ఇస్త గానీ, నాకు కూలరు ముందల కుర్సీ ఎయ్యాలె. బంతిల రెండు లడ్లు" అంది.

"ఏస్త అవ్వా. మూడు లడ్లు."

చూశారా? నేను గిరాకినై, పైగా నేనే రేటు పెంచాను. అవ్వ సంచి ఇచ్చింది, నా రహస్యం తీసుకుంది. నేను ఇల్లు చేరేలోపే అది నాకంటే ముందు వీధి దాటిపోయిందని తర్వాత తెలిసింది.

మూడో సంచికి ఎవరి దగ్గరికి పోవాలో తెలియక, నా ముక్కుపుడక ఇవ్వాలా, చెవిదుద్దులు ఇవ్వాలా అని లెక్కలేసుకుంటూ ఇంట్లోకి వచ్చాను. అత్తమ్మ తన బొడ్లోంచి ఒక నెమలికంఠం సంచి తీసి, వక్కలు కొంగులో పోసుకుని, నా చేతిలో పెట్టింది. పది రోజుల కిందట పంపిన వాటిలోంచి వదిన ఒకటి అమ్మ కోసం దాచి, నేను వీధిలో ఉండగా గుర్తొచ్చి ఇచ్చిందట. ఆ పొద్దున బేరం ఆడనిది ఆమె ఒక్కతే.

ముగ్గురం కూర్చుని కుట్లు విప్పాం. లోపల బెల్లం పొడి, వక్క ముక్కలు. మూడు ముక్కలూ విప్పి కలిపితే పట్టీకి సరిగ్గా సరిపోయేలా ఉంది. నా మిషను ఆత్మకూరులో ఉంది. అత్తమ్మ బొంత సూదిలో దారం ఎక్కించుకుని, "నడుముకు ఎంత కావాల్నో కొలిచి కత్తిరియ్యి" అంది.

నేను మీటరు కర్ర తీశాను. అవును, తిమ్మాజిపేటకు కూడా దాన్ని తెచ్చుకున్నాను. గుడ్డను పట్టాను. ఎడమ బొటనవేలు ఇక్కడ, కుడి బొటనవేలు అక్కడ. గుడ్డ బిగుసుకుంది.

"ఆగు" అంది అత్తమ్మ.

ఆగాను. చేతులు అలాగే ఉన్నాయి. గుడ్డ అలాగే ఉంది.

అత్తమ్మ నా ఎడమ బొటనవేలు చూసింది. కుడి బొటనవేలు చూసింది. మధ్యలో ఊపిరాడక నిలబడ్డ గుడ్డను చూసింది. నెమ్మదిగా అడిగింది.

"రాజీ, ఆ గుడ్డ ఎవ్వలికి అమ్ముతున్నవే?"

నాకు మొదట అర్థం కాలేదు. "ఎవరికి అమ్ముత అత్తమ్మా? మన శైలుకే..." అంటూ చేతులు వదిలాను. గుడ్డ ముక్క ఒక్కసారి ఊపిరి వదిలి, నా కళ్ల ముందే రెండు వేళ్లు వెనక్కి జరిగింది.

ఆ రెండు వేళ్లలో నా జీవితమంతా కనబడింది. ఫ్రిజ్ ముసుగు కనబడింది. బజ్జీ దవడల దిండ్లు కనబడ్డాయి. కిటికీలోంచి తొంగి చూస్తున్న మేక కనబడింది. అంగుళంన్నర లాభం కనబడింది, అనుకున్నదాని కంటే వెడల్పుగా మిగిలిన పేలిక కనబడింది. ఇన్నేళ్లు గిరాకులకు గుంజి కొలిచి, చివరికి నా దుకాణానికి నేనే గిరాకినై, నాకు నేనే అమ్ముకుని, నేనే మోసపోయాను.

గుమ్మం దగ్గర మా ఆయన గోడకు ఆనుకుని నవ్వుతున్నాడు. "గట్లనా సంగతి! బట్ట ముడుచుకున్నదంటివి?"

వదిన నవ్వింది. కాటుక తుడుచుకుంటూ శైలు కూడా నవ్వింది. అత్తమ్మ మాత్రం నవ్వలేదు. గుడ్డను నా చేతిలోంచి తీసుకుని, చాప మీద పెట్టి, అలిగిన పిల్లను నిద్రపుచ్చుతున్నట్టు అరచేత్తో మెల్లగా దువ్వింది.

"మనిషికి కుట్టే గుడ్డను పండవెట్టి కొలువాలె" అంది. అంతే. ఆ తర్వాత సూది మాట్లాడింది.

గంట తిరక్కుండానే పట్టీ పడింది. చీమల బారులాంటి ఆ కుట్టు దగ్గరికి వచ్చి చూస్తే తప్ప కనబడలేదు. శైలు కట్టుకుంది. జరీ అంచు దిగింది, దిగింది, నేలను తాకింది. పిల్ల ఒక్కసారి గిర్రున తిరిగింది. లంగా గొడుగులా లేచింది. దాని మొహం చూసి, నా ముక్కుపుడక కూడా ఇచ్చేసి ఉండాల్సిందని అనుకున్నాను, ఇవ్వనందుకు సంతోషిస్తూనే.

పదకొండింటికి పిల్ల పీట మీద కూర్చుంది. అంతా సవ్యంగా నడుస్తోంది. కూలరు ముందు కుర్చీలో ఎంకమ్మ అవ్వ కాలు మీద కాలేసుకుని కూర్చుంది. అక్షింతలు వేసే వేళకు చేయి చాచి, పందిరంతా వినబడేలా అంది.

"గదిగో, నడుము కాడ ఎడమ దిక్కుది నా సంచే!"

"కుడిదిక్కుది నాది!" అంది వెనక నుంచి బాలమణి, తానేం తక్కువ తిన్నానన్నట్టు.

నేను వంటల పందిట్లోకి పారిపోదామా అని చూస్తున్నాను. అంతలో శైలు తన నడుము పట్టుకుని వాసన చూసినట్టు మొహం పెట్టి, "అందుకే అవ్వా, పొద్దటిసంది నాకు బెల్లం బెల్లం అనిపిస్తున్నది" అంది. అందరూ నవ్వారు. పిల్ల కూడా నవ్వింది. ఎవరూ దాన్ని ముప్పావు అనలేదు. రెండు చీమలు మాత్రం ఆ పట్టీ మీద చివరిదాకా తిరిగాయి. వాటిని మేము బొంత కుట్టులో భాగమే అనుకున్నాం.

ముప్పావు అనే పేరు మాత్రం వృథా పోలేదు. అది నాకు వచ్చింది. ఈ రోజుకీ శైలు ఫోన్ చేస్తే, "ముప్పావత్తా, ఈ నెల ఏం కుట్టినవ్?" అనే అడుగుతుంది. బాలమణి పరదా రెండు నెలలకు కుట్టి పంపాను. అది కిటికీ దాటి, అరుగు దాటి, వాకిట్లోకి వస్తోందట. మడిచి కుట్టుకోమన్నాను.

ఆ రోజు భోజనాలయ్యాక అత్తమ్మ నన్ను పిలిచి, మీటరు కర్ర నా చేతిలో పెట్టి ఒట్టు వేయమంది. వేశాను. మీ అందరి ముందు ఆ ఒట్టు మళ్లీ చెప్తున్నాను, వినండి. ఇంట్లో కుట్టే ఏ గుడ్డనైనా, అది పట్టుదైనా పాత లుంగీ అయినా, నా కంఠంలో ప్రాణం ఉన్నంతవరకు గుంజి కొలవను. చాప మీద పండబెడతాను. అరచేత్తో దువ్వుతాను. అది తన ఊపిరి తాను తీసుకున్నాకే కర్ర పెడతాను. దర్జీ నలభై ఒకటి అంటే నలభై రెండు కత్తిరిస్తాను. ఐదేళ్లలో ఒక్కసారి కూడా ఈ మాట తప్పలేదు. మా పరదాలే సాక్ష్యం.

పండుగ గిరాకి ఎక్కువైనప్పుడు గద్వాల పోయి నాన్న దుకాణంలో సాయం కూర్చుంటాను కదా, అక్కడ ఎలా కొలుస్తానని మాత్రం అత్తమ్మ అడగలేదు. నేనూ చెప్పలేదు. బేరంలో అడగనిది ఇవ్వకూడదు.